వాడిన గ్రోబ్యాగులను పారేయాల్సిందేనా?

మా ఊరి చెరువు కట్ట కింద, కంప చెట్ల పక్కన తెల్ల ప్లాస్టిక్ సంచుల గుట్ట ఒకటి ఉంది. వానాకాలంలో అందులోంచి ఎర్రటి నీళ్లు కారి చెరువులో కలుస్తాయి. ఎండాకాలంలో ఎవరో ఒకరు దానికి నిప్పు పెడతారు. రెండు మూడు రోజులు పొగ రాజుకుంటూనే ఉంటుంది. ఆ గుట్టలో నా సంచులు కూడా ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రంగారెడ్డి జిల్లాలో నాకు 20 గుంటల పాలీహౌస్ ఉంది. ప్రభుత్వ సబ్సిడీ కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి వేసుకున్నది. మొదట మట్టిలోనే కీరదోస పెట్టాం. మూడేళ్లు తిరిగేసరికి నేలకు నులిపురుగులు పట్టాయి. మొక్క పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలే. మందులు పోసీ పోసీ విసిగి, అందరూ చూపించిన దారిలోనే మట్టి వదిలిపెట్టి కోకోపీట్ గ్రోబ్యాగులకు మళ్లాం. 1,250 సంచులు, ఒక్కో సంచికి నాలుగు మొక్కలు. మొదటి పంట బాగానే వచ్చింది.

పంట తీసేశాక అసలు ప్రశ్న ఎదురైంది. ఈ సంచులను ఏం చేయాలి? అమ్మిన డీలరును అడిగితే ‘కొత్తవి వేసుకో అన్నా, పాతవాటితో రిస్కు తీసుకోకు’ అన్నాడు. కొత్తవి కొనడానికి చేతిలో డబ్బు లేదు. పాత సంచుల్లోనే మళ్లీ కీరదోస నారు పెట్టాను. నలభై రోజులకు మొక్కలు మధ్యాహ్నం పూట వాడిపోవడం మొదలైంది. వేరుకుళ్లు. మూడో వంతు మొక్కలు పీకి పారేశాను. ఆ కోపంలోనే సంచులన్నీ ట్రాలీకెత్తి కట్ట కింద పోయించాను.

డీలరు చెప్పిందే నిజమైందని అప్పుడు అనుకున్నాను. తర్వాత తెలిసిన వాళ్లను అడిగి, నేను చేసిన పని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే తప్పు ఎక్కడుందో అర్థమైంది. పాత పంటకు తెగులు ఉందో లేదో చూడలేదు. పొట్టులో ఎంత ఉప్పు పేరుకుందో కొలవలేదు. వేర్లు కుళ్లుతుండగానే అదే జాతి పంటను మళ్లీ పెట్టాను. పాత పొట్టు వాడటం వల్ల నష్టం రాలేదు, కళ్లు మూసుకుని వాడటం వల్ల వచ్చింది.

పాత కోకోపీట్‌ను పద్ధతిగా వాడుకుంటే అది మరికొన్ని పంటలకు పనికొస్తుంది. ఆ తర్వాత ఎరువుగా మన పొలంలోకే వెళ్తుంది. కానీ ఆ పద్ధతి నేర్పే బాధ్యత, పరీక్షించే బాధ్యత, ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకునే బాధ్యత ఇవాళ ఎవరి మీదా లేవు. అన్నీ రైతు నెత్తిన పడుతున్నాయి. సంఘం పట్టించుకోవాల్సిన విషయం ఇది.

పారేస్తున్నది ఎంత?

లెక్క వేసి చూద్దాం. ఒక్కో సంచిలో నానిన పొట్టు 18 లీటర్లు అనుకుంటే, 1,250 సంచులకు 22,500 లీటర్లు. ఏడెనిమిది ట్రాక్టర్ ట్రాలీలు. ఇది అర ఎకరం సంగతి మాత్రమే. అయిదు కిలోల కోకోపీట్ దిమ్మ నీళ్లలో నానితే సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది. ఆ లెక్కన నేను కట్ట కింద పోసింది 320 దిమ్మలకు పైగా సరుకు.

ఆ సరుకు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడండి. కోనసీమలోనూ, తమిళనాడులో పొల్లాచ్చి వైపునా కొబ్బరి పీచు తీసే మిల్లుల దగ్గర మిగిలే పొట్టు ఇది. ఒకప్పుడు మిల్లుల పక్కన, రోడ్ల వెంట గుట్టలు పోసి వదిలేసేవారు. దాని నుంచి కారే నీళ్లతో కాలువలు పాడవుతున్నాయని ఊళ్లవాళ్లు గోల పెట్టేవారు. ఇప్పుడు దాన్ని కడిగి, ఎండబెట్టి, దిమ్మలు కొట్టి విదేశాలకు పంపుతున్నారు. కొబ్బరి పీచు ఉత్పత్తుల ఎగుమతుల్లో పెద్ద వాటా దీనిదే. చెత్త అనుకున్నదాన్ని వాళ్లు సరుకు చేసుకున్నారు. ఆ సరుకు కొని తెచ్చుకుని ఒక పంటకే మనం మళ్లీ చెత్త చేస్తున్నాం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొబ్బరి పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. కడగని కొత్త పొట్టులో నారు పెడితే మొక్కకు కాల్షియం సరిగా అందదు. అందుకే కొత్త పొట్టును కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడగాలి. ఒక పంట కాలమంతా మనం డ్రిప్పులో కాల్షియం నైట్రేట్ ఇస్తూనే ఉంటాం కాబట్టి పాత పొట్టులో ఆ పని చాలావరకు అప్పటికే అయిపోయి ఉంటుంది. అంటే తెగులు లేని పాత పొట్టు కొన్ని విషయాల్లో కడగని చవక కొత్త పొట్టు కంటే మేలు. ఈ మాట సంచులు అమ్మేవాళ్లు చెప్పరు.

యూరప్‌లో చాలా గ్రీన్‌హౌసులు రాక్‌వూల్ మీద నడుస్తాయి. బసాల్ట్ రాయిని సుమారు 1,500 డిగ్రీల వేడిలో కరిగించి దూదిలా తీసేదే రాక్‌వూల్. అది మట్టిలో కలిసి చివికేది కాదు. వాడేశాక సేకరించి ఇటుకల తయారీ లాంటి వాటికి పంపాలి. మన పొట్టుకు ఆ ఇబ్బంది లేదు. చివరకు అది నేలలో కలిసిపోయేదే. అయినా మన దగ్గరే అది కట్ట కింద తగలబడుతోంది.

ముందు పంటను చూసి తేల్చుకోవాలి

పాత సంచులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పంట తీసే వారం ముందే సాలు సాలూ తిరిగి, అక్కడక్కడా మొక్కలు పీకి వేర్లు చూడాలి. దాన్నిబట్టి మూడు రకాలుగా వేరు చేసుకోవచ్చు.

మొదటి రకం, వేర్లు తెల్లగా ఆరోగ్యంగా ఉన్న సాళ్లు. వీటిని సంచిలోంచి తీయాల్సిన పనే లేదు. కాండాన్ని మొదలంటా కోసి తీసేసి, డ్రిప్పుతోనే మంచి నీళ్లు పారించి ఉప్పు కడిగేయాలి. పాత రంధ్రాల మధ్య కొత్త రంధ్రాలు చేసి వేరే కుటుంబం పంట పెట్టాలి. కీరదోస తర్వాత క్యాప్సికం లేదా టమాటా, వాటి తర్వాత కీరదోస. టమాటా తర్వాత క్యాప్సికం పెడితే మార్చినట్టు కాదు, రెండూ ఒకే కుటుంబం.

రెండో రకం, వేరుకుళ్లు, ఎండు తెగులు, నులిపురుగులు కనిపించిన సాళ్లు. వీటిని శుద్ధి చేయకుండా వాడితే నాకు జరిగిందే జరుగుతుంది. సంచులు కోసి పొట్టు బయటకు తీయాలి, వేర్ల ముద్దలు ఏరేయాలి, తర్వాత ఎండవేడికి పెట్టాలి.

మూడో రకం, వైరస్ తెగుళ్లు, బ్యాక్టీరియా ఎండు తెగులు వచ్చిన సాళ్లు. టమాటా మొజాయిక్, కీరదోసలో వచ్చే ఆకుపచ్చ మొజాయిక్ లాంటి వైరస్‌లు ఎండిన వేరు ముక్కల్లో కూడా చాలా కాలం బతికి ఉంటాయి. ఎండవేడికి చస్తాయని నమ్మకూడదు. ఆ పొట్టు మళ్లీ పాలీహౌస్ గడప తొక్కకూడదు. ఆ తెగులు సోకని మామిడి తోటకో, పశుగ్రాసం మడికో పోవాలి.

ఉప్పు కొలవడం, కడగడం

మన వైపు బోరు నీళ్లలోనే ఉప్పు ఎక్కువ. దానికి తోడు రోజూ ఇచ్చే ఎరువుల్లో మొక్క తీసుకోనిది పొట్టులో పేరుకుంటుంది. కొలవడం కష్టమేమీ కాదు. పది సంచుల నుంచి పిడికెడు పిడికెడు తీసి కలపాలి. ఒక గ్లాసు పొట్టుకు రెండు గ్లాసుల డిస్టిల్డ్ వాటర్ పోసి, బాగా కలిపి, అరగంట ఆగి, గుడ్డతో వడగట్టి ఆ నీళ్లలో ఈసీ మీటర్ ముంచాలి. రీడింగు 1 లోపు ఉంటే చాలా పంటలకు ఫర్వాలేదు. 1 దాటితే కడగాలి. 1.75 కూడా దాటితే బాగా కడిగి, మళ్లీ కొలిచాకే నారు పెట్టాలి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి.

కడగడానికి వాన నీటిని మించింది లేదు. 20 గుంటల పాలీహౌస్ పైకప్పు దాదాపు 2,000 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 20,000 లీటర్ల నీళ్లు. రెండు మంచి వానల నీటిని ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటలోకి మళ్లించుకుంటే ఉప్పు లేని నీళ్లు దొరుకుతాయి. కడిగిన నీళ్లలో నత్రజని, పొటాష్ ఉంటాయి. వాటిని ఒకేచోట వదిలితే అక్కడి నేల చౌడు తేలుతుంది, చెరువులోకి వదిలితే నాచు పెరుగుతుంది. పలుచన చేసి గడ్డి మడులకు, గట్టు మీది చెట్లకు పారించుకోవాలి.

మన ఎండే మన ఆవిరి యంత్రం

చలి దేశాల్లో పొట్టును శుద్ధి చేయాలంటే బాయిలరుతో ఆవిరి పట్టాలి, దానికి గ్యాసు ఖర్చు. మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ ఉచితంగా ఉంది. తడిపిన పొట్టును అడుగు ఎత్తుకు మించకుండా శుభ్రమైన షీటు మీద పరిచి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పి, అంచులకు మట్టి వేసి గాలి పోకుండా మూసేయాలి. నల్ల షీటు పనికిరాదు, ఎండ లోపలికి దిగదు. తెల్ల సంచులను కోయకుండా అలాగే ఎండలో పెట్టినా లాభం లేదు, తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. పొట్టు ఎండిపోయి ఉన్నా వేడి సరిగా పాకదు. అందుకే తడి ముఖ్యం.

నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా ఉంచాలి. గుట్ట నడిమధ్య 60 డిగ్రీల వేడి ఒక గంట, లేదా 70 డిగ్రీలు అరగంట నిలిస్తే చాలా తెగులు శిలీంధ్రాలు, నులిపురుగులు చస్తాయి. అంత వేడి వచ్చిందో లేదో థర్మామీటరు గుచ్చి చూసుకోవాలి, అంచనా మీద వదిలేయకూడదు. ఖాళీగా ఉన్న పాలీహౌస్ లోపలే పరిచి పక్క కర్టెన్లు దించేస్తే వేడి ఇంకా పెరుగుతుంది. అయిపోయాక ట్రైకోడెర్మా కలిపితే మంచి శిలీంధ్రం ముందుగా చోటు పట్టుకుంటుంది.

ఒక జాగ్రత్త. ప్రతి పంటకూ పొట్టు నలుగుతుంది, సన్నబడుతుంది. తడి పొట్టును పిడికిట బిగించి వదిలితే విడిపోకుండా బురద ముద్దలా ఉండిపోతే అందులో వేర్లకు గాలి ఆడదు. అలాంటిదాన్ని గరుకు పీచు, డొక్క ముక్కలతో కలిపి వాడాలి. మరీ మెత్తబడితే ఎరువు దిబ్బకు పంపాలి. నారుమడికి మాత్రం ఎప్పుడూ పాత పొట్టు వద్దు. లేత వేరు ఏ తెగులునూ తట్టుకోలేదు.

నేను రెండోసారి కొన్న సంచులను ఈ పద్ధతిలోనే నడిపించాను. మొదట కీరదోస, వేసవిలో శుద్ధి, తర్వాత క్యాప్సికం. కొత్త సంచులంత గొప్పగా వచ్చిందని చెప్పను. సంచులు విప్పడానికి, మళ్లీ నింపడానికి కూలీ ఖర్చయింది. అయినా కొత్త సంచుల బిల్లు ముందు అది చిన్నదే. మొక్కలు నిలబడ్డాయి, బ్యాంకు కిస్తీ కట్టగలిగాను.

చివరకు చేరాల్సింది పొలానికే

పాలీహౌస్‌లో పని అయిపోయిన పొట్టు కూడా వృథా కాదు. అది తన బరువుకు అయిదు రెట్లకు పైగా నీళ్లు పట్టి ఉంచుతుంది. మన చల్క నేలలకు ఇంతకంటే కావాల్సింది ఏముంది? కానీ నేరుగా దున్నేయకూడదు. పొట్టులో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని చివికించే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయి, పైరు పసుపుబారుతుంది. అందుకే ముందు మాగబెట్టాలి. కాయిర్ బోర్డు పిత్‌ప్లస్ పేరుతో పుట్టగొడుగు జాతి శిలీంధ్రాన్ని తయారు చేసింది. టన్ను పొట్టుకు అయిదు కిలోల యూరియాతో పాటు దీన్ని పొరలు పొరలుగా వేసి, నీడలో తడి ఆరకుండా ఉంచితే నెల రోజులకు నల్లటి ఎరువు అవుతుంది. 100కు పైగా ఉన్న కర్బనం–నత్రజని నిష్పత్తి 24 దగ్గరికి దిగుతుంది. పిత్‌ప్లస్ దొరక్కపోతే పశువుల పేడతో కలిపి దిబ్బ వేసినా మాగుతుంది, కాకపోతే ఎక్కువ నెలలు పడుతుంది.

కొత్తవే కొనమనే వాదన

‘ఒక్క పంట పోతే పదేళ్ల సంచుల ఖర్చు పోయినట్టే, కొత్తవి కొనుక్కోవడమే మేలు’ అని కొందరు సలహాదారులు అంటారు. పంట పోతే ఎంత నష్టమో నాకంటే వాళ్లకు ఎక్కువ తెలియదు. తెగులు పట్టిన సంచులను వాడమని నేనూ అనడం లేదు. కానీ ఏ సంచి బాగుందో, ఏది పాడైందో తేల్చే పరీక్ష రైతుకు అందుబాటులో లేనప్పుడు, అన్నీ పారేయమని చెప్పడం సలహా ఎలా అవుతుంది? అది అమ్మకం. మనిషికి జ్వరం వస్తే రక్త పరీక్ష చేస్తారు, ఇల్లు మారమనరు.

సబ్సిడీల తీరు కూడా ఇలాగే ఉంది. పాలీహౌస్ కట్టడానికి డబ్బు ఇస్తారు. అది కట్టిన తర్వాత ఏటా వచ్చే ఖర్చు సంగతి ఎవరూ అడగరు. మా చుట్టుపక్కల ఎన్ని పాలీహౌసులు చిరిగిన షీట్లతో ఖాళీగా నిలబడి ఉన్నాయో లెక్క పెడితే ఆ సంగతి తెలుస్తుంది. వాటి కింద తీసుకున్న అప్పులు మాత్రం చిరిగిపోలేదు.

మనం ఏం అడగాలి?

మొదటిది, ప్రభుత్వ భూసార పరీక్షా కేంద్రాల్లో మట్టితో పాటు వాడిన కోకోపీట్‌నూ పరీక్షించాలి. ఈసీ, పీహెచ్, నులిపురుగులు, వేరుకుళ్లు శిలీంధ్రాలు, ఈ నాలుగూ పంటకూ పంటకూ మధ్య ఉండే గడువులోపే తేల్చి చెప్పాలి. రెండు నెలలకు వచ్చే రిపోర్టు మనకు అక్కరకు రాదు.

రెండోది, మన ఉద్యాన విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు పాత పొట్టుతో వరుసగా మూడు నాలుగు పంటలు తీసే ప్రయోగాలు రైతుల పాలీహౌసుల్లోనే చేయాలి. ఎన్ని పంటలకు దిగుబడి ఎంత తగ్గిందో, ఖర్చు ఎంత మిగిలిందో తెలుగులో, అందరికీ తెలిసేలా చెప్పాలి.

మూడోది, అమ్మే ప్రతి గ్రోబ్యాగు మీదా ఆ పొట్టు కడిగిందా, కాల్షియంతో శుద్ధి చేసిందా, ఈసీ ఎంత అనే వివరాలు తెలుగులో ముద్రించాలి.

నాలుగోది ప్లాస్టిక్. ప్యాకింగు ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెడుతూ కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. పొలాల్లో వాడే గ్రోబ్యాగులు, మల్చింగు షీట్లు, పాలీహౌస్ షీట్లకు కూడా అదే బాధ్యతను స్పష్టంగా వర్తింపజేయాలి. పాత సామాన్లవాళ్లు మన సంచులు ఎందుకు తీసుకోరంటే, వాటికి వేర్లు, పొట్టు, దారాలు అంటుకుని ఉంటాయి. దులిపి, ఆరబెట్టి, కట్టలు కట్టి ఇవ్వడానికి రైతులు సిద్ధం. తీసుకెళ్లేవాళ్లు రావాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పాలీహౌసులు ఉన్న ప్రతి మండల కమిటీ సభ్యులు తలా ఇంత వేసుకుని ఒక ఈసీ మీటరు, ఒక పీహెచ్ మీటరు, పొడవు గుచ్చు థర్మామీటరు కొనుక్కోవచ్చు. ఎండాకాలంలో పది మంది పొట్టు ఒకేచోట శుద్ధి చేసుకుంటే షీటు ఖర్చు, కూలీ ఖర్చు కలిసొస్తాయి. తెగులు రకాన్ని బట్టి కుప్పలు వేరుగా పెట్టడం మాత్రం మరవకూడదు, లేకపోతే ఒకరి తెగులు పది మందికి అంటుతుంది.

పాలీహౌస్ ఉన్న సభ్యులకు ఒక విన్నపం. ఈ పంట తీసేటప్పుడు ఎన్ని సంచులు, ఎన్ని పంటలకు వాడారు, ఏ తెగులు వచ్చింది, పొట్టు ఏం చేశారు, ప్లాస్టిక్ ఎక్కడ పోశారు అన్న అయిదు విషయాలు ఒక కాగితం మీద రాసి మీ మండల కమిటీకి ఇవ్వండి. అధికారుల ముందు కూర్చున్నప్పుడు ఈ లెక్క మన చేతిలో ఉండాలి. నేను కట్ట కింద పోసిన 1,250 సంచుల లెక్క మా కమిటీకి రాసిచ్చాను. తగలబడగా మిగిలినవాటిని వచ్చే నెల మేం నలుగురం కలిసి అక్కడి నుంచి ఎత్తబోతున్నాం.